మీ పుస్తకాల పిచ్చి ఇంకొకరికి పనికిరావాలంటే

కొన్నేళ్ల కిందట ఇల్లు మారేటప్పుడు మూడు అట్టపెట్టెల నిండా పుస్తకాలు సర్ది, పిల్లల హాస్టల్ ఒకదానికి ఇచ్చి వచ్చాను. వార్డెన్ గారు సంతోషంగా తీసుకున్నారు, ఫోటో దిగాం, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఏడాది తర్వాత వేరే పని మీద అటు వెళ్తే ఆ మూడు పెట్టెలూ స్టోర్‌రూమ్‌లో విరిగిన కుర్చీల పక్కన కనిపించాయి. నేను అతికించిన టేపు అతికించినట్టే ఉంది. ముందు కోపం వచ్చింది. ఒక పెట్టె తెరిచి చూసుకున్నాక సిగ్గేసింది. ఐదొందల పేజీల నవలలు, ఎప్పుడో మారిపోయిన సిలబస్‌తో పోటీ పరీక్షల గైడ్లు, మొదటి భాగం లేని రెండో భాగం, ఇప్పుడెవరూ వాడని సాఫ్ట్‌వేర్ మీద లావుపాటి పుస్తకం ఒకటి. అక్కడి పిల్లల వయసు ఎనిమిది నుంచి పన్నెండు. నేను చేసింది దానం కాదు, అటక ఖాళీ చేసుకోవడం.

పుస్తకాన్ని ఒంటరిగా పంపిస్తే చాలాసార్లు పెట్టెలోనే ఉండిపోతుందని అప్పుడు అర్థమైంది. దాని వెంట ఒక మనిషి వెళ్లాలి. ఫలానావాళ్లకి ఇది నచ్చుతుందని ఆలోచించే మనిషి, కాసేపు పక్కన కూర్చుని చదివి వినిపించే మనిషి. కొలంబియాలో లూయిస్ సొరియానో అనే బడి పంతులు 1990ల చివర్లో రెండు గాడిదల మీద పుస్తకాలు వేసుకుని దారి సరిగ్గా లేని ఊళ్లకి వెళ్లడం మొదలుపెట్టాడు. గాడిదల పేర్లు ఆల్ఫా, బెటో. రెండూ కలిపి పలికితే స్పానిష్‌లో అక్షరమాల అని అర్థం. అందరూ గాడిదల గురించే చెప్పుకుంటారు గానీ, నాకు నచ్చింది ఆయన పుస్తకాలు దింపేసి వెళ్లిపోకపోవడం. పిల్లల మధ్య కూర్చుని చదివేవాడు.

మీకు గాడిదలు అక్కర్లేదు. వారానికి ఒక గంట, ఒక నోట్‌బుక్కు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఎలాగో చెబుతాను.

ముందు మీ చదువు సంగతి చూసుకోండి

"ఒకప్పుడు బాగా చదివేవాళ్లం" అనేవాళ్లే మనలో ఎక్కువ. చదవడం ఆగిపోయిన మనిషి ఇంకొకరికి చదవడం అలవాటు చేయలేడు, కనీసం నా వల్ల కాలేదు. అందుకే మొదటి రెండు వారాలు మీ కోసం పెట్టుకోండి. పడుకునే ముందు ఫోన్‌ని వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టేసి ఇరవై పేజీలు చదవండి. పక్కనే ఉంటే దాన్ని తాకకుండా ఉండడం ఎవరి తరమూ కాదు, ఆ పరీక్ష పెట్టుకోవద్దు. పుస్తకం యాభై పేజీలైనా రుచించకపోతే మూసేయండి. డబ్బు పెట్టి కొన్నాం కదా అని ఈడ్చుకుంటూ చదివితే ఆ పుస్తకమే కాదు, దాని తర్వాతి నాలుగూ ఆగిపోతాయి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పుస్తకం పేరు, ఎప్పుడు ముగించారు, దాని గురించి రెండు లైన్లు ఎలాగూ రాస్తారు. వాటి పక్కన "ఎవరికి?" అని ఇంకో గడి గీయండి. ఈ పుస్తకం చదువుతుంటే ఎవరు గుర్తొచ్చారో వాళ్ల పేరు అక్కడ రాయండి. రైలు ప్రయాణం గురించి చదువుతుంటే రైల్వేలో చేసి రిటైరైన బాబాయి గుర్తొస్తాడు. తోటపని గురించైతే మేడ మీద కుండీలు పెంచే పక్కింటి ఆవిడ. ఎవరూ గుర్తు రాకపోతే ఖాళీ వదిలేయండి. ఆర్నెల్ల తర్వాత ఆ గడిని ఒకసారి పైనుంచి కిందికి చూస్తే మీ చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికి ఏం ఇవ్వాలో చాలావరకు తెలిసిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పినవాటిలో ఒక్కటే పాటిస్తానంటే ఈ గడి ఒక్కటీ గీసుకోండి.

చదివితే మనకేంటి లాభం అన్న ప్రశ్నకి చాలామంది పరిశోధనలు చూపిస్తుంటారు. 2016లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు యాభై దాటిన 3,635 మందిని పన్నెండేళ్లు గమనించిన సమాచారం చూసి, పుస్తకాలు చదివేవాళ్లకి ఆ కాలంలో చనిపోయే ప్రమాదం చదవనివాళ్లకంటే 20 శాతం తక్కువగా ఉందన్నారు. వయసు, చదువు, ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నామని కూడా అన్నారు. అయినా పుస్తకమే ఆయుష్షు పెంచిందని చెప్పడానికి అది చాలదు. 2013లో సాహిత్య కథలు చదివినవాళ్లు ఎదుటివాళ్ల భావాలు బాగా పసిగడతారని ఒక ప్రయోగం వచ్చి బోలెడు పేరు తెచ్చుకుంది. కొన్నేళ్లకి వేరేవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి "పుస్తకాలు చదివితే మంచివాళ్లవుతారు" అని ఎవరికీ మాటివ్వకండి. చదివే మూర్ఖులు మనకి తెలియనివాళ్లు కాదు.

అల్మారా ముందు కూర్చోండి

ఇప్పుడు పుస్తకాలన్నీ కింద పెట్టి నాలుగు కుప్పలు చేయండి: మళ్లీ చదివేవి, అరువు ఇవ్వగలిగేవి, ఇచ్చేయగలిగేవి, ఎవరికీ పనికిరానివి. నాలుగో కుప్ప దగ్గరే అందరి చెయ్యీ ఆగిపోతుంది. పుస్తకాన్ని పారేయడమా అని ప్రాణం ఒప్పుకోదు, అందుకని దాన్ని పక్కవాళ్ల మీదికి తోసేస్తాం. పాత సిలబస్ గైడ్లు, కాలం చెల్లిన చట్టాల పుస్తకాలు, పదిహేనేళ్ల నాటి మందుల సలహాలు, పేజీలు చిరిగిపోయినవి చిత్తు కాగితాల్లోకి పంపండి. ముఖ్యంగా వైద్యం, చట్టం విషయంలో పాత పుస్తకం ఇవ్వడమంటే తప్పుడు సలహా ఇవ్వడమే.

ఇచ్చే ప్రతి పుస్తకాన్నీ ఒకసారి వెన్ను పట్టుకుని బోర్లించి దులపండి. పాత ఉత్తరాలు, బ్యాంకు రసీదులు, ఫోటోలు రాలతాయి. ఒకసారి నాకు మా నాన్న చేతిరాతతో సరుకుల చీటీ దొరికింది. ఆ పుస్తకం మాత్రం మొదటి కుప్పలోకి మారిపోయింది.

పురుగుల సంగతి కూడా చూడాలి. "పుస్తకాల పురుగు" అని మనల్ని ముద్దుగా అంటారు గానీ అసలైన పురుగులు వేరే ఉన్నాయి. వెండి రంగులో మెరుస్తూ పరుగెత్తే రెక్కల్లేని చిన్న పురుగులు బైండింగ్‌లోని గంజి కోసం వస్తాయి. చెమ్మ ఉన్నచోట చేరతాయి కాబట్టి అల్మారాని గోడకి ఆనించకుండా కాస్త ఎడం పెట్టడం, పుస్తకాల్ని మరీ కుక్కకుండా గాలి ఆడేలా సర్దడం మందులకంటే నయం. పురుగు ఉందనిపించిన పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్‌లో గాలి లేకుండా చుట్టి, ఫ్రిజ్ కాదు, డీప్ ఫ్రీజర్‌లో వారం పైన ఉంచండి. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పొద్దు. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే కాగితం మీద తేమ చేరుతుంది. తడిసిన పుస్తకం ఉంటే పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, నిలబెట్టి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. రెండు రోజులు పట్టించుకోకపోతే బూజు మొదలవుతుంది. బూజు వాసన వస్తున్న పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వకండి, ఆస్తమా ఉన్నవాళ్ల ఇంటికి అసలే వద్దు.

ఒక్కరితో మొదలుపెట్టండి

భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు రాశారు. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. పాఠకుడి సమయం వృథా చేయవద్దు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి. లైబ్రరీల కోసం రాసినవైనా రెండోదీ మూడోదీ నాలుగోదీ ఒక మనిషికి ఒక పుస్తకం ఇచ్చేటప్పుడు కూడా అచ్చంగా సరిపోతాయి.

"మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని మాత్రం అడక్కండి. చదవడం అలవాటు లేనివాళ్లని ఆ ప్రశ్న ఇబ్బంది పెడుతుంది. ఏదో గొప్ప సమాధానం చెప్పాలనుకుంటారు, లేకపోతే "టైమ్ ఉండదండీ" అని తప్పించుకుంటారు. దాని బదులు ఈమధ్య చూసిన సినిమాల్లో ఏది నచ్చింది, చిన్నప్పుడు ఎవరు కథలు చెప్పేవాళ్లు, ఇప్పుడు దేని గురించి టెన్షన్ పడుతున్నారు అని మాటల్లో తెలుసుకోండి. ఒకావిడ నాతో "నాకు చదవడం అలవాటు లేదయ్యా, వార్తలు మాత్రం చూస్తా" అంది. రెండు మాటలు పొడిగిస్తే తెలిసింది, నేర వార్తలు ఒక్కటి కూడా వదలదని. సన్నటి డిటెక్టివ్ నవల ఒకటి ఇచ్చాను. నాలుగో రోజుకి ఫోన్: "హంతకుడు ఎవరో నాకు ముందే తెలిసిపోయింది, కాస్త కష్టమైనది ఇవ్వు."

ఇచ్చేటప్పుడు రెండో మూడో చాలు. పది ఇస్తే హోంవర్క్ అనుకుంటారు. సన్నవి, అక్షరం పెద్దగా ఉన్నవి ముందు ఇవ్వండి. "ఇది నీ జీవితం మార్చేస్తుంది" అనకండి, అన్నాక ఆ పుస్తకం ఎంత బాగున్నా ఆనదు. "నలభయ్యో పేజీ దాకా చూడు, బాగోకపోతే తిరిగిచ్చెయ్" అంటే భారం దిగుతుంది. వారానికే "చదివావా?" అని అడగొద్దు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మీరు కనిపిస్తే పక్క సందులోకి తిరుగుతారు.

దుఃఖంలో ఉన్నవాళ్లకి పుస్తకం ఇచ్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. కష్టం ఎలా తట్టుకోవాలో నేర్పే పుస్తకాన్ని వెంటనే పట్టుకెళ్లకండి. ఆ సమయంలో అది సలహాలాగే వినిపిస్తుంది. నవ్వించేదో, ఎక్కడో దూరాన జరిగేదో, రెండు పేజీలు చదివి పక్కన పెట్టేయగలిగేదో ఇవ్వండి.

అరువు, చిన్న పెట్టె

అరువిచ్చిన పుస్తకం తిరిగి రాదన్న బాధ మనందరిదీ. నేను చేసేది ఇదీ: పోతే ప్రాణం గిలగిల్లాడే పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వను, మొహమాటం లేకుండా "ఇది ఇవ్వనండీ" అంటాను. మిగతావి ఇచ్చేటప్పుడు పుస్తకం, తీసుకున్నవాళ్లు ఇద్దరూ పడేలా ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుంటాను. రిజిస్టర్‌లో సంతకం అడిగితే చిన్నబుచ్చుకుంటారు, ఫోటో అంటే నవ్వుతారు. గుర్తు చేయాల్సి వచ్చినప్పుడు ఆ ఫోటో పంపిస్తే చాలు.

వీధి వాకిట్లో పుస్తకాల పెట్టె పెట్టాలనే ఉత్సాహం ఉంటే, ఆ పద్ధతి ఎలా మొదలైందో చూడండి. 2009లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్‌లో టాడ్ బోల్ అనే ఆయన, టీచర్‌గా పనిచేసిన తల్లి జ్ఞాపకంగా చిన్న బడి ఆకారంలో చెక్క పెట్టె చేసి ఇంటి ముందు నిలబెట్టాడు. ఒకటి తీసుకో, ఒకటి పెట్టు, అంతే నియమం. అదే లిటిల్ ఫ్రీ లైబ్రరీ అయ్యి ప్రపంచమంతా పాకింది. పెట్టె చేయించడం సులువు, నిలబెట్టడమే కష్టం. పైకప్పు ముందుకి వాలుగా, పెట్టెకన్నా నాలుగు వేళ్లు బయటికి ఉండాలి, లేకపోతే మొదటి వానకే తలుపు సందులోంచి నీళ్లు దిగుతాయి. లోపల ఏముందో కనిపించేలా తలుపుకి అద్దమో అక్రిలిక్ షీటో పెట్టండి. పిల్లల కంటికి అందే ఎత్తులో కింది అర ఉండాలి. ఇరవై పుస్తకాలకి మించి పెట్టకండి. వారానికోసారి చూసి, ఆర్నెల్లుగా కదలనివి తీసేయండి. తీసేయకపోతే అది నాలుగో కుప్ప అయిపోతుంది, జనం అటు చూడడం మానేస్తారు.

చదివి వినిపించండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు.

పిల్లలతో మొదలుపెడదాం. మామూలుగా మనం చదువుతాం, పిల్లలు వింటారు. దీన్ని కాస్త తిరగేయాలి. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వవేత్త, ఆయన బృందం రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకి ఒక పద్ధతి నేర్పారు. చదువుతూ ప్రశ్న వేయడం, పిల్లలు చెప్పింది మెచ్చుకుని దానికి ఇంకో మాట కలపడం, ఆ పెద్ద వాక్యాన్ని వాళ్ల చేత మళ్లీ అనిపించడం. నాలుగు వారాలయ్యేసరికి ఆ పిల్లలు మాట్లాడే విషయంలో, మామూలుగా కథలు విన్న తోటివాళ్లకంటే నెలల తేడాతో ముందున్నారు. ఇద్దరూ విన్నది కథలే, చదివే తీరే వేరు.

చేసి చూపిస్తాను. బొమ్మలో కుక్క ఉంది. "ఇదేంటి?" అంటే "కుక్క" అంటాడు, కథ అక్కడితో ఆగిపోతుంది. "కుక్క ఏం చేస్తోంది?" అనండి. "పరుగు" అంటాడు. "అవును, పరుగెత్తుతోంది. బంతి కోసం పరుగెత్తుతోంది. నువ్వు చెప్పు?" "బంతి కోసం పరుగెత్తుతోంది." అంతే. పేజీకి ఒక్కసారి చేస్తే చాలు. ప్రతి లైనుకీ ఆపి అడిగితే కథ చచ్చిపోయి ఇంటర్వ్యూ అవుతుంది. అదే పుస్తకం ముప్పైసార్లు చదవమంటే చదవండి. మీకు విసుగొస్తుంది, వాడికి రాదు. ముప్పై ఒకటోసారి మీరు ఒక మాట మార్చి చదివితే వాడు పట్టుకుంటాడు చూడండి, ఎంత ధీమాగా తప్పు దిద్దుతాడో!

పిల్లల డాక్టర్లు కూడా ఈ దారి పట్టారు. 1989లో బోస్టన్‌లో మొదలైన రీచ్ అవుట్ అండ్ రీడ్ అనే కార్యక్రమంలో పిల్లల్ని చెకప్‌కి తీసుకొచ్చినప్పుడు డాక్టర్ ఒక పుస్తకం ఇస్తారు. ఇచ్చి ఊరుకోరు, పిల్లలతో కలిసి ఎలా చదవాలో తల్లిదండ్రులకి చెప్పి పంపిస్తారు.

చదవడంలో ఇబ్బంది పడే పిల్లలు ఉంటారు, డిస్లెక్సియా అంటారు దాన్ని. తెలివి తక్కువై కాదు. అలాంటి పిల్లల చేత పదిమంది ముందు పైకి చదివించకండి. మీరు చదువుతుంటే వాళ్లు వేలితో లైన్ వెంట రావచ్చు. మీరే ప్రింట్ తీసి ఇచ్చేటట్టయితే అక్షరం పెద్దది, లైన్ల మధ్య ఎక్కువ ఖాళీ, తళతళలాడే తెలుపు కాకుండా కాస్త మీగడ రంగు కాగితం వాడండి.

ఇక పెద్దవాళ్లు. మా ఫ్లాట్ల కింది అంతస్తులో ఒక మాస్టారు ఉండేవారు. నలభై ఏళ్లు భాష బోధించి, చివరికి అక్షరం మసకబారిపోయింది. ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి వెళ్లి చదివేవాణ్ని. మొదటిరోజు నేను ఉత్సాహంగా ఇరవై పేజీలు గడగడా చదివేసి తలెత్తితే ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోయారనుకుని పుస్తకం మూయబోతుంటే, "ఆపకు, పన్నెండో పేజీలో ఒక ఒత్తు మింగేశావు, అక్కణ్నుంచి మళ్లీ చదువు" అన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

పుస్తకం ఎంపిక వాళ్లదే, మనది కాదు. నేను కొత్త కథలు మోసుకెళ్తే ఆయనకి పాత వ్యాకరణ పుస్తకం కావాల్సి వచ్చింది. చదివాను. నాకూ ఒత్తులు బాగుపడ్డాయి.

ఏ చెవి బాగా వినిపిస్తుందో అడిగి అటు కూర్చోండి. గొంతు పెంచడం కాదు, వేగం తగ్గించడం ముఖ్యం. మీకు మరీ నెమ్మది అనిపించే వేగమే వినేవాళ్లకి సరైనది. పేరా అయ్యాక ఒక ఊపిరి ఆగండి, మాట్లాడాలనుకుంటే అప్పుడే మాట్లాడతారు. మొదలుపెట్టిన పేరా మధ్యలో ఏదో గుర్తొచ్చి తమ సంగతి చెప్పడం మొదలుపెడితే పుస్తకం ఒళ్లో పెట్టుకుని వినండి. ఆ రోజు మూడు పేజీలే అయితే మూడే. మతిమరుపు ఉన్నవాళ్లకి నవల వద్దు, గత వారం ఏమైందో గుర్తులేక ఇబ్బందిపడతారు. చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యాలు చదవండి. మీరు సగం చదివేలోపు మిగతా సగం వాళ్లే అందుకోవడం చూస్తారు.

ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. వెళ్లేముందు ఏ పేజీలో ఆపారో పుస్తకం లోపల పెన్సిల్‌తో తేదీ వేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ తేదీలే వాళ్లకి "మళ్లీ వస్తాడు" అన్న హామీ.

ఇంకొందరు వస్తామంటే గుంపుగా కూడా చేయొచ్చు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ నుంచి నడిచే ది రీడర్ అనే సంస్థ వృద్ధాశ్రమాల్లో, జైళ్లలో, ఆసుపత్రుల్లో ఇలాంటి బృందాలు నడుపుతుంది. వాళ్ల పద్ధతిలో ఎవరూ ముందే చదివి రానక్కర్లేదు. అక్కడికక్కడే ఒకరు పైకి చదువుతారు, మధ్యమధ్య ఆగి మాట్లాడుకుంటారు. మామూలు బుక్ క్లబ్బుల్లో కొందరు పుస్తకం పూర్తి చేయలేక మానేస్తారు. ఇక్కడ ఆ బెంగ లేదు. ఆరేడుగురు దాటకుండా చూసుకోండి. చదవనని ఎవరైనా అంటే బలవంతపెట్టొద్దు, వాళ్లలో కొందరికి అసలు చదవడం రాకపోవచ్చు, ఆ మాట పైకి చెప్పలేకపోవచ్చు.

గొంతు అరువివ్వడం

చూపు లేనివాళ్ల కోసం పుస్తకం రికార్డు చేయాలనుకుంటే ముందు కాపీరైట్ సంగతి తేల్చుకోండి. చాలా దేశాల్లో రచయిత చనిపోయాక 50 నుంచి 70 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. భారతదేశంలో 60 ఏళ్లు. ఆ గడువు దాటిన పుస్తకాన్ని ఎవరైనా చదివి రికార్డు చేయొచ్చు. 2005లో మొదలైన లిబ్రివాక్స్ అనే సైట్ మొత్తం ఇలాంటి పుస్తకాలని వలంటీర్ల గొంతుతో ఉచితంగా అందిస్తుంది. హక్కులున్న పుస్తకాల విషయానికొస్తే, 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందం ప్రకారం చూపు లేనివాళ్ల కోసం అనుమతి అడక్కుండానే ఆడియో, బ్రెయిలీ ప్రతులు తయారు చేసుకోవచ్చు. కానీ అది సొంతంగా యూట్యూబ్‌లో పెట్టుకోవడానికి కాదు. పదిమందికీ చేరేలా చేయాలంటే గుర్తింపు ఉన్న సంస్థల ద్వారా వెళ్లడం మంచిది.

స్టూడియో అక్కర్లేదు. బట్టలు నిండుగా ఉన్న అల్మారా తలుపు తెరిచి దానికి ఎదురుగా కూర్చుంటే గొంతు గోడలకి తగిలి మోగదు. ఫ్యాన్ ఆపండి, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, మైక్ నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి ఉంచండి, లేకపోతే "ప", "బ" పలికినప్పుడల్లా ఉఫ్ అని ఊదినట్టు వస్తుంది. తప్పు పలికితే రికార్డింగ్ ఆపకండి. ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదవండి. తర్వాత ఎడిటింగ్‌లో చూస్తే చప్పట్లు కొట్టినచోట శబ్దాన్ని చూపించే గీత నిటారుగా పైకి లేచి కనిపిస్తుంది, అక్కడ కత్తిరిస్తే సరిపోతుంది. గొంతు నటన ఎక్కువ పెట్టకండి. గంటలకొద్దీ వినేవాళ్లకి నాటకం భారమవుతుంది. పట్టికలు, ఫుట్‌నోట్లు, బొమ్మల కింది మాటలు కూడా వదలకుండా చదవాలి, చదువుకునే విద్యార్థికి కావాల్సింది తరచూ అక్కడే ఉంటుంది.

పరీక్షలకి చదివే విద్యార్థులకి ఇంకో సంగతి కూడా: పెద్ద రికార్డింగ్ ఒకటే ఫైల్‌గా ఇవ్వకండి. పాఠానికి ఒక ఫైల్, ఫైల్ పేరులో పాఠం నంబర్. వాళ్లు వెతుక్కునే సమయం మీరు మిగిల్చినట్టు. రంగనాథన్ నాలుగో సూత్రం గుర్తుందా?

సంస్థలకి ఇచ్చేటప్పుడు

ముందు ఫోన్ చేయండి. ఎవరున్నారు, ఏ వయసు, ఏ భాష చదువుతారు, ఎక్కడ పెడతారు, ఎవరు తీసి ఇస్తారు. ఐదో ప్రశ్నకి జవాబు లేకపోతే ఇంకా ఇవ్వకండి. చాలా జైళ్లలో గట్టి అట్ట పుస్తకాలు లోపలికి రానివ్వరు. ఆసుపత్రి వార్డుల్లో తుడవగలిగే నున్నటి అట్టలున్నవి, బరువు తక్కువవి కావాలి, పడుకుని చేత్తో ఎత్తి పట్టుకోవాలి కదా. ఎవరైనా "ఏదైనా పర్లేదండీ, తెచ్చేయండి" అంటే జాగ్రత్తపడండి. నా మూడు పెట్టెలూ అలాగే వెళ్లాయి.

జైళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. బ్రెజిల్‌లో 2012 నుంచి కొన్ని జైళ్లలో ఖైదీ ఒక పుస్తకం చదివి దాని మీద వ్యాసం రాస్తే శిక్షలో నాలుగు రోజులు తగ్గిస్తున్నారు. ఏడాదికి పన్నెండు పుస్తకాలు, అంటే 48 రోజులు. ఆ వ్యాసాన్ని ఎవరో కూర్చుని చదివి, సరిగ్గా రాశాడా లేదా చూడాలి. ఆ ఎవరో లేకపోతే పథకం కాగితం మీదే ఆగిపోతుంది.

ఆ హాస్టల్‌కి మళ్లీ వెళ్లాను. ఈసారి పదకొండు పుస్తకాలే, అందులో నాలుగు బొమ్మలవి. ఆదివారం ఉదయం వరండాలో కూర్చుని ఒకటి చదవడం మొదలుపెట్టాను. మొదట ముగ్గురు వచ్చారు, వాళ్లలో ఒకడు నా చెప్పులతో ఆడుకున్నాడు. నెల తిరిగేసరికి పద్నాలుగు మంది. పాత పెట్టెలు మాత్రం నేనే ఆటో ఎక్కించి తెచ్చుకున్నాను.

ఆపాల్సి వచ్చినప్పుడు

దీని గురించి ఎవరూ చెప్పరు. ఉద్యోగం మారుతుంది, ఆరోగ్యం బాగుండదు, వేరే ఊరు వెళ్తాం. చెప్పకుండా మానేస్తే ఎదురుచూసేవాళ్లకి పుస్తకం మీదే విరక్తి పుడుతుంది. రెండు మూడు వారాల ముందే చెప్పండి. వీలైతే మీ బదులు ఇంకొకరిని వెతికి, ఒకటి రెండుసార్లు వెంట తీసుకెళ్లండి. మొదలుపెట్టిన పుస్తకాన్ని సగంలో వదిలి కొత్తవాళ్ల చేత ఇంకోటి మొదలుపెట్టించొద్దు.

నాకు బదిలీ అయినప్పుడు మాస్టారి దగ్గరికి పై అంతస్తులో ఉండే డిగ్రీ కుర్రాణ్ని తీసుకెళ్లాను. వాడు వెళ్లే మొదటి శనివారం కోసం పుస్తకంలో ఒక చీటీ పెట్టాను. "మాస్టారికి ఎడమ చెవి బాగా వినిపిస్తుంది, అటు కూర్చో. 143వ పేజీ, రెండో పేరా. కళ్లు మూసుకుంటే నిద్ర అనుకోకు. ఒత్తులు జాగ్రత్త."